95 వేలలో గేమింగ్ పీసీ: ఈ కొటేషన్ సరిగ్గానే ఉందా?

భీమవరం_లహరి
12 జులై 2025, రాత్రి 9:40

అందరికీ నమస్తే అండి. నేను బీటెక్ రెండో సంవత్సరం. మూడేళ్లుగా అన్నయ్య వాడి వదిలేసిన లాప్‌టాప్‌తో నెట్టుకొస్తున్నాను. ఇప్పుడది పది నిమిషాలు ఆడేసరికి చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. ఈసారి రొయ్యల పట్టుబడికి మంచి రేటు పలికిందని నాన్న 95 వేలు ఇస్తానన్నారు. ఆ డబ్బు వెనక చెరువు గట్టు మీద ఎన్ని రాత్రుల కాపలా ఉందో చూశాను కాబట్టి, కొనే ముందు తెలిసినవాళ్లని అడగాలనిపించింది.

దగ్గర్లోని ఒక షాపులో ఇచ్చిన కొటేషన్ ఇదీ: ఇంటెల్ ఐ7 14700ఎఫ్ ప్రాసెసర్, హెచ్610 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, ఆర్‌టీఎక్స్ 5060 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, ముందు వైపంతా అద్దం ఉన్న లైట్ల క్యాబినెట్, 750 వాట్ల గేమింగ్ ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా). ఎస్‌ఎంపీఎస్ ఏ కంపెనీదో రాయలేదు. అన్నీ కలిపి 94,500. ఇందులో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు చెరో 30 వేల పైచిలుకు.

మానిటర్ ఉంది: 24 అంగుళాలు, 1080పీ, 75 హెర్ట్జ్. రోజూ ఆడేది వాలరెంట్. సెలవుల్లో సైబర్‌పంక్ 2077, ఫోర్జా హొరైజన్ 5 ఆడాలని ఉంది. వచ్చే ఏడాది జీటీఏ 6 కూడా. మా పిన్ని వంటల ఛానల్‌కి వీడియోలు ఎడిట్ చేసేది నేనే.

సికింద్రాబాద్_శంకర్
12 జులై, రాత్రి 10:15

చెల్లె, ఈ లెక్క తలకిందులుగ ఉన్నది. నువ్వు ఆడే ఆటలకు 20 కోర్ల ప్రాసెసర్ తోని పనే లేదు. 14700ఎఫ్ పూర్తిగ పని చేస్తే 219 వాట్ల దాక గుంజుతది. హెచ్610 బోర్డులల్ల ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే భాగం చిన్నగ ఉంటది, వేడెక్కితే స్పీడు తగ్గించేస్తది. అంటే ఐ7కు పైసలు కట్టి ఐ5 పనితనం తెచ్చుకున్నట్టు. పైగ 13, 14వ తరం పెద్ద ప్రాసెసర్లు వోల్టేజ్ ఎక్కువై పాడైతున్నయని 2024ల ఇంటెలే ఒప్పుకున్నది, వారంటీ రెండేండ్లు పెంచింది. బయోస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే ఇబ్బంది లేదంటరు గని, ఆ అప్‌డేట్ చేసి ఇస్తున్నమని ఆ షాపు కాయితం మీద ఎక్కడ రాసింది?

రైజెన్ 5 7600 తీసుకో. ఆరు కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు. కూలర్ డబ్బాలనే వస్తది. బీ650ఎం బోర్డు పెట్టుకో. దాంట్ల ప్రాసెసర్ కూసునే ఏఎం5 సాకెట్‌ను 2027 దాటేదాక నడుపుతమని ఏఎండీ మాటిచ్చింది. ఆ మాట ఎందుకు నమ్ముతున్ననంటే, 2017ల కొన్న బీ350 బోర్డు మీద 2022ల వచ్చిన 5800ఎక్స్3డీ నేనే ఇద్దరికి బిగించి ఇచ్చిన. బోర్డు మార్చకుంట అయిదేండ్ల తర్వాతి ప్రాసెసర్ ఎక్కింది.

పిక్సెల్_ప్రసాద్
12 జులై, రాత్రి 11:02

శంకర్ అన్న చెప్పినట్టు ప్రాసెసర్ మీద మిగిలిన పది, పన్నెండు వేలూ కార్డు మీదికి మళ్లించండి. నా గొడవంతా ఆ 8 జీబీ గురించే.

కార్డులో ఉండే మెమరీని పిన్నిగారి వంటగట్టు అనుకోండి. కావాల్సిన గిన్నెలూ పోపుడబ్బా అన్నీ గట్టు మీదే ఉంటే వంట ఆగకుండా సాగుతుంది. గట్టు చాలక సగం సామాను అటక మీద పెట్టారనుకోండి, ఆవాలు కావాల్సినప్పుడల్లా స్టూలు వేసుకుని ఎక్కాలి. మెమరీ నిండితే కార్డు చేసేది అదే. పట్టని బొమ్మలని పీసీ ర్యామ్‌లో పెట్టి మాటిమాటికీ తెచ్చుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 5060 సొంత మెమరీ సెకనుకి 448 జీబీ అందిస్తుంది. అదే కార్డు హెచ్610 బోర్డులో పీసీఐఈ 4.0 (కార్డుకీ బోర్డుకీ మధ్య దారి) ఎనిమిది లేన్ల మీద నడుస్తుంది కాబట్టి అటక దారిలో వచ్చేది సెకనుకి సుమారు 16 జీబీ. ఇరవై ఎనిమిదో వంతు. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి గీసే బొమ్మల లెక్క) బాగానే కనిపిస్తూ, మలుపు తిరిగిన చోటల్లా ఆట తడబడితే చాలాసార్లు కారణం ఇదే. కొన్ని ఆటలైతే తడబడకుండా చూసుకోవడానికి గోడలూ మొహాలూ మసకగా చూపించేస్తాయి.

వాలరెంట్‌కి మాత్రం 8 జీబీ చాలు, ఆ మాటా చెప్పాలి. అది కార్డు కన్నా ప్రాసెసర్ మీద ఎక్కువ ఆధారపడే ఆట. సైబర్‌పంక్ లాంటి వాటిలో, అదీ రే ట్రేసింగ్ (వెలుగునీడలని నిజంలా లెక్కగట్టే పద్ధతి) పెట్టినప్పుడు, 8 జీబీ 1080పీలోనే ఇరుకవుతుంది. రేపు మానిటర్ మార్చి 1440పీకి వెళితే కార్డు గీయాల్సిన పిక్సెల్స్ 20.7 లక్షల నుంచి 36.9 లక్షలవుతాయి. నాలుగైదేళ్లు వాడే కార్డు కదా, 16 జీబీ ఉన్నది చూడండి: ఏఎండీలో ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ, ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ. రెండూ 8 జీబీ రకంలోనూ అదే పేరుతో అమ్ముతున్నారు. డబ్బా మీద అంకె చూడకుండా డబ్బు ఇవ్వొద్దు.

జీటీఏ 6 కోసమని ఇప్పుడే ఏదీ ఎంచుకోకండి. విడుదల ప్రకటించింది ప్లేస్టేషన్ 5కీ ఎక్స్‌బాక్స్ సిరీస్‌కీ మాత్రమే. పీసీ సంగతి వాళ్లింకా ఎత్తలేదు.

పాతసామాను
13 జులై, ఉదయం 7:20

కొత్తదే ఎందుకు? సెకండ్‌హ్యాండ్ 1080 టీఐకి 11 జీబీ ఉంది, 5060 ధరలో సగం కూడా పెట్టక్కర్లేదు. నా దగ్గరున్నది ఇప్పటికీ నిక్షేపంలా ఆడుతోంది. మిగిలిన డబ్బుతో మంచి మానిటర్ వస్తుంది.

పిక్సెల్_ప్రసాద్
13 జులై, ఉదయం 8:05

గొప్ప కార్డే, కాదనను. కానీ 2017 నాటిది, రే ట్రేసింగ్ యూనిట్లు లేవు. ఇండియానా జోన్స్ గేమ్, డూమ్ ద డార్క్ ఏజెస్ లాంటివి రే ట్రేసింగ్ కార్డు లేకపోతే మొదలే కావు. ఆ తరానికి కొత్త గేమ్ డ్రైవర్లు ఆపేస్తున్నట్టు ఎన్విడియా కూడా చెప్పేసింది. మీ దగ్గర ఉన్నదాన్ని వాడుకోండి, కొత్తగా కొనేవాళ్లకి మాత్రం చెప్పలేను.

పాతదే కొనాలంటే ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ నయం. బిల్లు, సీరియల్ నంబర్, వారంటీ ఎంత మిగిలిందో చూసి, ఎదురుగా అరగంట ఆట ఆడించి తీసుకోవాలి. ఆర్‌ఎక్స్ 580 పేరుతో 2048ఎస్‌పీ రకం కూడా తిరుగుతోంది. అసలు 580కి 2304 షేడర్లు (బొమ్మ లెక్కలు చేసే చిన్న యూనిట్లు) ఉంటాయి, దీనికి 2048 మాత్రమే. జీపీయూ-జడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే తెలిసిపోతుంది.

పాతసామాను
13 జులై, ఉదయం 8:31

డ్రైవర్ల సంగతి నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను. మొదటిసారి కొనేవాళ్లు వారంటీ ఉన్నదే తీసుకోవడం మంచిది.

డాలస్_సుధ
13 జులై, ఉదయం 9:48

లహరీ, ఆగస్టులో మేము పాలకొల్లు వస్తున్నాం, కార్డు తెమ్మంటే తెస్తాను. ముందు లెక్క చెబుతా విను. 9060 ఎక్స్‌టీ 16 జీబీ ప్రకటించిన ధర 349 డాలర్లు. ఇక్కడ మైక్రో సెంటర్‌లో 8.25 శాతం సేల్స్ టాక్స్ కలిపితే 378 దాకా అవుతుంది, అంటే మన డబ్బుల్లో 32 వేల చిల్లర. విమానంలో వచ్చేవాళ్లకి కస్టమ్స్ మినహాయింపు ఉంది కాబట్టి ఆ ఇబ్బందీ లేదు. కానీ ఇక్కడ కొన్న కార్డుకి అక్కడ వారంటీ ఇవ్వని కంపెనీలే ఎక్కువ. కిందటిసారి మా తోటికోడలి కొడుక్కి తెచ్చిన కార్డు ఎనిమిది నెలలకి ఫ్యాన్ ఆగిపోయింది. మళ్లీ మనిషి చేత ఇక్కడికి పంపి, బాగు చేయించి, ఇంకో మనిషి చేత వెనక్కి పంపేసరికి ఏడాది పట్టింది. నాలుగైదు వేల తేడా కోసం ఆ తిప్పలు వద్దమ్మా. అక్కడే బిల్లుతో కొనుక్కో.

వోల్ట్‌మీటర్
13 జులై, మధ్యాహ్నం 2:10

అందరూ కార్డు దగ్గరే ఆగిపోయారు. అమ్మాయ్, ఆ కొటేషన్‌లో నన్ను భయపెట్టింది పేరు లేని ఎస్‌ఎంపీఎస్. నేను ఇరవై రెండేళ్లుగా కరెంటు పని చేస్తున్నాను, ఆ సంగతులు మాత్రం కాస్త వివరంగా చెప్పగలను.

డబ్బా మీద 750 అని ఎవరైనా రాసుకోవచ్చు. మూత పక్కన అతికించిన పట్టికలో 12 వోల్టుల వరసకి ఎన్ని ఆంపియర్లో చూడు. 12 వోల్టుల మీద 54 ఆంపియర్లు ఇస్తే అది నిజంగా 650 వాట్లు. నీ పీసీకి 650 వాట్ల పేరున్న కంపెనీది చాలు, అయిదేళ్ల వారంటీ ఉన్నది తీసుకో. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనేవి కరెంటు ఎంత వృథా కాకుండా మారుస్తుందో చెబుతాయంతే, లోపలి సామాను మంచిదో కాదో చెప్పవు. కార్డుకి వెళ్లే 8 పిన్నుల తీగ 150 వాట్లకి, స్లాటు 75 వాట్లకి. రెండూ కలిపితే 225, నీ 9060 ఎక్స్‌టీ వాడేది 160. హాయిగా సరిపోతుంది. మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల తీగ) నుంచి 8 పిన్నులకి మార్చే అతుకు తీగలు మాత్రం ఎవరిచ్చినా పెట్టొద్దు.

తర్వాత యూపీఎస్. 600 వీఏ అని అమ్మేవి సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే. ఆట నడుస్తుండగా నీ పీసీ, మానిటర్ కలిపి 300 దాటతాయి, కార్డు ఒక్కో క్షణం ఇంకా పైకి గుంజుతుంది. సరిగ్గా కరెంటు పోయిన క్షణానే అది చేతులెత్తేస్తుంది. 1000 లేదా 1100 వీఏ తీసుకో. ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? వెనకాల చిన్న స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడు. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే సమయాన్ని ఫ్యాన్లు తట్టుకుంటాయి, పీసీ తట్టుకోదు. మంచి ఎస్‌ఎంపీఎస్ కూడా కరెంటు లేకుండా ఆగగలిగేది సెకనులో అరవయ్యో వంతు.

అన్నిటికన్నా ముఖ్యం ఎర్త్. క్యాబినెట్ ఇనుము మీద వేలు పెడితే జిలజిలమంటుందని చాలామంది అంటారు, అలవాటైపోయి పట్టించుకోరు. ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేని ప్లగ్గులో పెడితే బాడీ మీద దాదాపు సగం వోల్టేజ్, అంటే 115 దాకా నిలుస్తుంది. కరెంటు చాలా కొంచెమే కాబట్టి జిలజిలతో పోతుంది, కానీ ఆ ప్లగ్గుకి ఎర్త్ లేదని అది చెబుతున్నట్టే. నిజంగా ఫేజ్ బాడీకి తగిలిన రోజున కాపాడేది ఏదీ ఉండదు. మీ ఊరి ఎలక్ట్రీషియన్ని పిలిచి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెట్టించు. మొదటిది రెండు మూడు వోల్టుల లోపు, రెండోది 230 దగ్గర ఉండాలి. ఉప్పు గాలి ఊళ్లలో ఎర్త్ గొట్టం తీగ తుప్పు పట్టి తెగిపోయి ఉండటం నేను ఎన్నో ఇళ్లలో చూశాను.

భీమవరం_లహరి
13 జులై, రాత్రి 8:30

వోల్ట్‌మీటర్ గారూ, మా పాత లాప్‌టాప్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు చెయ్యి జిలజిలమనేది అండి. లాప్‌టాప్‌లన్నీ అంతే అనుకున్నాను. రేపే నాన్నకి చెప్పి మనిషిని పిలిపిస్తాను.

ఇదీ కొత్త జాబితా: రైజెన్ 5 7600, బీ650ఎం, 9060 ఎక్స్‌టీ 16 జీబీ, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్, ముందు జాలీ ఉన్న క్యాబినెట్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, 1100 వీఏ యూపీఎస్. ర్యామ్ తేలలేదు. 32 జీబీ కొంటే యూపీఎస్‌తో కలిపి బడ్జెట్ దాటుతోంది. 16 జీబీ కొని తర్వాత పెంచుకోవచ్చా? ఇంకోటి, ఎడిటింగ్‌కి ఎన్విడియానే మంచిదని కాలేజీలో అంటున్నారు. నిజమేనా?

సికింద్రాబాద్_శంకర్
13 జులై, రాత్రి 9:05

ఇప్పుడు 16 జీబీ ఒకటే స్టిక్ కొను, వచ్చే ఏడు ఇంకోటి పెట్టుకో. ర్యామ్ ధర ఎప్పుడూ దిగుడే గని ఎక్కుడు లేదు.

పిక్సెల్_ప్రసాద్
13 జులై, రాత్రి 9:26

అన్నా, ఇది ఒప్పుకోలేను. ఒకటే స్టిక్ అంటే ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారి సగమవుతుంది. వాలరెంట్ లాంటి ప్రాసెసర్ ఆటలకి దెబ్బ తగిలేది అక్కడే. పైగా తర్వాత కొనే స్టిక్ లోపలి చిప్పులు వేరేవైతే రెండూ కలిసి 6000 స్పీడులో నిలవకపోవచ్చు. రెండు 16లు ఉన్న ఒకే కిట్, 6000 సీఎల్30 (ర్యామ్ స్పీడు, ఆలస్యం అంకెలు), ఇప్పుడే కొనాలి. క్రోమ్, ఎడిటింగ్, గేమ్ అన్నీ తెరిచి ఉంచే మనిషికి 32 ఎక్కువేమీ కాదు. డబ్బు చాలకపోతే లైట్ల ఫ్యాన్లు తగ్గించండి.

ఎన్విడియా మాట నిజమే, షరతులున్నాయి. బ్లెండర్‌లో రెండరింగ్, కాలేజీలో మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులు చేస్తే CUDA (ఎన్విడియా సొంత సాఫ్ట్‌వేర్) ఉన్న ఎన్విడియానే వేగం, ట్యుటోరియల్స్ కూడా దానికే ఎక్కువ. అప్పుడు 5060 టీఐ 16 జీబీకి ఇంకో ఏడెనిమిది వేలు పెట్టినా దండగ కాదు. ఫోన్‌లో తీసిన వంట వీడియోలు కత్తిరించి, అక్షరాలు వేసి, ఎగుమతి చేయడానికి అయితే 9060 ఎక్స్‌టీ చాలు.

భీమవరం_లహరి
14 జులై, ఉదయం 6:50

నా బ్రాంచి సివిల్ అండి, మెషీన్ లెర్నింగ్ లేదు. 9060 ఎక్స్‌టీ ఖాయం. ర్యామ్ కిట్ 32 తీసుకుంటున్నాను. తేడా డబ్బు అమ్మ ఇస్తానంది.

సికింద్రాబాద్_శంకర్
14 జులై, ఉదయం 7:30

సరే చెల్లె. కొనేదానికి సికింద్రాబాద్ వస్తే పార్క్ లేన్ల చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పో. మూడు నాలుగు షాపులల్ల అడుగు, రేటు కాయితం మీద రాయించుకో, 18 శాతం జీఎస్టీ కలిపిన బిల్లు తీసుకో. బిల్లు మీద కార్డు, బోర్డు, ఎస్‌ఎంపీఎస్ సీరియల్ నంబర్లు ఉండాలె. బిల్లు వద్దంటే తగ్గిస్తమంటరు, ఒప్పుకోకు.

బిగించేటప్పుడు రెండు మాటలు యాదిపెట్టుకో. ఏఎం5ల పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, బోర్డు సాకెట్ల ఉంటయి. వంగితే బోర్డే పోతది, వారంటీ కూడ ఇయ్యరు. ప్రాసెసర్ బిగించేదాక ప్లాస్టిక్ మూత తియ్యకు. డబ్బాల వచ్చిన కూలర్‌కు బోర్డు పైనున్న ప్లాస్టిక్ పట్టీలు విప్పాలె, వెనకున్న ఇనుప పలక మాత్రం అట్లనే ఉంచు.

భీమవరం_లహరి
3 ఆగస్టు 2025, సాయంత్రం 5:15

అన్నీ కొన్నాం, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఇప్పుడే బిగించి ఆన్ చేశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బొమ్మ రావట్లేదు. మూడు నిమిషాలైంది. బోర్డు మీద పసుపు లైటు వెలుగుతోంది. ఏదైనా కాలిపోయిందా? దయచేసి ఎవరైనా చెప్పండి.

పిక్సెల్_ప్రసాద్
3 ఆగస్టు, సాయంత్రం 5:18

ఆపొద్దు! ఏమీ కాలేదు. డీడీఆర్5 మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌ని పరీక్షించి సర్దుకుంటుంది, ఏఎం5లో అది కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటినుంచి. స్టిక్‌లు ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలోనే ఉన్నాయి కదా?

భీమవరం_లహరి
3 ఆగస్టు, సాయంత్రం 5:24

వచ్చింది!! రెండు, నాలుగు స్లాట్లలోనే ఉన్నాయి. చాలా థాంక్స్ అండి, చేతులు వణికిపోయాయి.

భీమవరం_లహరి
4 ఆగస్టు, రాత్రి 11:10

ఇంకో సమస్య. విండోస్ 11 వేశాను, డ్రైవర్ వేశాను. సైబర్‌పంక్ తక్కువ సెట్టింగుల్లో కూడా 10 ఎఫ్‌పీఎస్ దాటట్లేదు. అమ్మ పక్కనే కూర్చుని చూస్తోంది, ఏం చెప్పాలో తెలియట్లేదు.

సికింద్రాబాద్_శంకర్
4 ఆగస్టు, రాత్రి 11:14

హెచ్‌డీఎంఐ తీగ యాడ పెట్టినవ్? యూఎస్‌బీల పక్కన నిలువుగ ఉన్నదాంట్లనా, కింద కార్డుకు అడ్డంగ ఉన్నదాంట్లనా?

భీమవరం_లహరి
4 ఆగస్టు, రాత్రి 11:16

యూఎస్‌బీల పక్కన.

సికింద్రాబాద్_శంకర్
4 ఆగస్టు, రాత్రి 11:17

అది 7600 లోపలున్న చిన్న గ్రాఫిక్స్, తెర చూపించేదానికే. తీగ కార్డుకు పెట్టు. బయోస్ల ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని పూర్తి స్పీడుల నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్, లేకుంటే 6000 ర్యామ్ 4800లనే నడుస్తది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్ల 75 హెర్ట్జ్ పెట్టినవో లేదో కూడ చూడు.

భీమవరం_లహరి
5 ఆగస్టు, అర్ధరాత్రి 12:05

అల్ట్రాలో 90 పైనే వస్తోంది! రాత్రి వానలో మెరిసే ఆ ఊరిని చూసి అమ్మ "ఇదంతా బొమ్మేనా" అంది. ఇంకాసేపు ఆడమని పక్కనే కూర్చుంది.

వోల్ట్‌మీటర్
5 ఆగస్టు, ఉదయం 8:40

సంతోషం అమ్మాయ్. ఎర్త్ ఏమైంది?

భీమవరం_లహరి
5 ఆగస్టు, సాయంత్రం 6:20

మీరు చెప్పినట్టే అయింది అండి. పెరట్లో ఎర్త్ తీగ గొట్టం దగ్గర తుప్పు పట్టి ఊడిపోయి ఉంది. ఎప్పటినుంచో ఎవరికీ తెలియదు. కొత్త గొయ్యి తీసి రాగి తీగ వేయించాం. ఇప్పుడు న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 1.4 వోల్టులు. ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే జిలజిల వస్తోందని నానమ్మ ఏడాదిగా అంటోంది, మేం పట్టించుకోలేదు. ఇప్పుడు అదీ పోయింది. నాన్న మీకు ప్రత్యేకంగా నమస్కారం చెప్పమన్నారు.

సికింద్రాబాద్_శంకర్
9 డిసెంబర్ 2025, రాత్రి 9:00

ఈ చర్చను మళ్ల పైకి తెస్తున్న, ఎందుకంటే ఇండ్ల నేను చెప్పిన ఒక మాట తప్పయింది, చదివి ఎవరన్న నష్టపోవద్దు. ర్యామ్ ధర ఎక్కుడు లేదన్న. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు మళ్లేసరికి లహరి కొన్న అదే 32 జీబీ కిట్‌కు ఇయ్యాల షాపులల్ల అప్పటికి మూడింతలు చెప్తున్నరు. క్రూషియల్ పేరుతో మనసొంటోళ్లకు అమ్మే వ్యాపారం ఆపేస్తున్నమని మైక్రాన్ ఈ నెల 3న ప్రకటించింది, ఫిబ్రవరి దాకనే సరఫరా. ప్రసాద్ మాట విన్నందుకు ఆ పిల్ల పైసలు మిగిలినయి.

కొత్త_మెంబర్_నల్గొండ
10 డిసెంబర్, ఉదయం 7:15

అన్నా, నేను జనవరిలో లహరి గారి జాబితానే కొందామనుకున్న. ఇప్పుడు ఏం చేయాలె? ఇంట్లో 2019ల కొన్న రైజెన్ పీసీ ఉన్నది, 16 జీబీ డీడీఆర్4. కార్డు 1650.

సికింద్రాబాద్_శంకర్
10 డిసెంబర్, ఉదయం 7:50

ఆగు, జాబితా పక్కకు పెట్టు. ఆ డీడీఆర్4 ఇప్పుడు బంగారం లెక్క, దాన్ని కదపొద్దు. బోర్డు బయోస్ సరిపోతే రైజెన్ 5 5600 వేసి కార్డు ఒక్కటి మార్చుకుంటే ఇంకో మూడు నాలుగేండ్లు నడుస్తది. బీ450 అయితే పీసీఐఈ 3.0నే ఉంటది, అందుకని ఎనిమిది లేన్ల 8 జీబీ కార్డు వద్దు, 16 లేన్ల 9060 ఎక్స్‌టీ 16 జీబీ చూద్దం. ముందు బోర్డు మీద పేరు, ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన పట్టిక, రెండూ ఫొటో తీసి ఇక్కడ పెట్టు.

వోల్ట్‌మీటర్
10 డిసెంబర్, ఉదయం 8:30

బాబూ, పీసీ పెట్టిన ప్లగ్గు ఫొటో కూడా.